ఆరు నెలల అమ్మమ్మ

పురిటికి కూతురు పుట్టింటికి రావడం మన ఆచారం. ఇప్పుడు పుట్టిల్లే పెట్టెలు సర్దుకుని విమానమెక్కుతోంది. అమెరికాలో పసిపిల్లలతో సంసారం ఈదుతున్న తెలుగు కుటుంబాల కష్టసుఖాలు ఈ వారం ముఖచిత్ర కథనం.

శంషాబాద్ విమానాశ్రయంలో ఏ రాత్రి చూసినా ఆ జంటలు కనిపిస్తాయి. వయసు అరవైకి అటూ ఇటూ. ఆయన చేతిలో పాస్‌పోర్టులు, కాగితాలు పెట్టిన ప్లాస్టిక్ కవరు. ఆవిడ కాళ్లకు కొత్త బూట్లు. పెట్టెల్లో సొంటిపొడి, వాము, బాలింత కాయం, వెల్లుల్లి కారం, బొంతలు కుట్టడానికి ఏళ్లుగా దాచిన మెత్తని నూలు చీరలు. తలా రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి డాలస్‌లో దిగేసరికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోతాయి. నయాగరా, న్యూయార్క్ తర్వాత సంగతి. అక్కడ కూతురికి నెలలు నిండుతున్నాయి.

అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010కీ 2017కీ మధ్య 86 శాతం పెరిగిందని, అక్కడి సెన్సస్ లెక్కలను పరిశీలించిన సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ 2018లో వెల్లడించింది. డాలస్ పక్కన ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో, అట్లాంటా శివార్లలో కమ్మింగ్, న్యూజెర్సీలో ఎడిసన్, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్... ఈ ఊళ్లలో కొన్ని వీధులకు వీధులే తెలుగువాళ్లవి. చదువుకోసం వెళ్లి, ఉద్యోగంలో కుదురుకుని, పెళ్లి చేసుకుని, ఇప్పుడు తల్లిదండ్రులైన తరం అది. వాళ్ల ప్రస్తావన వస్తే మనం జీతం అడుగుతాం, వీసా అడుగుతాం. ఆ రెండు దిగుళ్లూ నిజమే. కానీ ఇంట్లో నెలల బిడ్డ ఉన్నప్పుడు వాళ్లను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసేది, బిడ్డను ఓ అరగంట ఎత్తుకోవడానికి మూడో మనిషి లేకపోవడం.

ఇద్దరి మీదే ఇల్లు

మన దగ్గర బిడ్డ పుడితే ఎంతమంది చేతులు సాయం పడతాయో ఎవరూ లెక్కపెట్టరు. ఒంటికి నూనె రాసి నీళ్లు పోయడానికి ఒకావిడ వస్తుంది. అమ్మమ్మ సాంబ్రాణి వేస్తుంది. పిన్ని కాసేపు జోకొడుతుంది. అంట్లూ బట్టలూ పనిమనిషి చూసుకుంటుంది. పక్కింటి అమ్మాయి బడి నుంచి రాగానే బిడ్డను చంకనేసుకుని వీధి చివరిదాకా తిప్పుకొస్తుంది. బాలింత మంచం దిగితే పెద్దవాళ్లు కేకలేస్తారు.

ఇర్వింగ్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఈ పనులన్నీ ఇద్దరివి. మామూలు కాన్పయితే రెండు రోజులకు, ఆపరేషనైతే నాలుగు రోజులకు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేస్తారు. పసిబిడ్డ సీటు కారులో బిగించి ఉంటే తప్ప బయటికి కదలనివ్వరు. ఇంటికొచ్చిన గంటకు పాలు, ఆ తర్వాత రెండు గంటలకు మళ్లీ పాలు, మధ్యలో డైపర్లు. మూడో రాత్రికే భార్యాభర్తలు షిఫ్టులు వేసుకుంటారు. రాత్రి ఒంటిగంట దాకా ఆయన, ఆ తర్వాత ఆమె.

చట్టమేమో పెద్దగా ఆదుకోదు. 1993లో వచ్చిన ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ చట్టం ప్రకారం 12 వారాల సెలవు దొరుకుతుంది. అదీ కనీసం యాభై మంది పనిచేసే సంస్థలో ఏడాది పూర్తిచేసుకున్న వాళ్లకే, అదీ జీతం లేకుండా. కొన్ని కంపెనీలు, కొన్ని రాష్ట్రాలు జీతంతో సెలవిస్తాయి. దేశమంతటికీ వర్తించే చట్టం మాత్రం ఇంతే. మన దేశంలో 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాలైంది, పూర్తి జీతంతో. హైదరాబాద్ హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే అక్కకు ఆరు నెలలు, డాలస్‌లో అదే పని చేసే చెల్లికి మూడు నెలలు. వెళ్లేముందు ఈ లెక్క ఎవరూ చూసుకోరు.

మూడు నెలల బిడ్డను డేకేర్‌లో దించే పొద్దు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. ముందురోజు రాత్రే పాల సీసాలన్నీ కడిగి ఆరబెట్టాలి. పిండి ఫ్రిజ్‌లో పెట్టిన తల్లిపాలను సీసాల్లోకి వంచి, ఒక్కో సీసాకు చిన్న టేపు ముక్క అంటించి, దాని మీద బిడ్డ పేరు, ఆనాటి తేదీ రాయాలి. రెండు జతల బట్టలు, డైపర్లు, ఒరుసుకుపోయిన చోట రాసే క్రీము. పై బిడ్డ ఉంటే వాడి డబ్బా వేరే. చాలా బడుల్లో వేరుశనగకు అనుమతి ఉండదు, ఎవరో ఒక పిల్లవాడికి పడకపోతే ప్రాణం మీదికి వస్తుందని. కాబట్టి ఇడ్లీ పెడితే పల్లీ చట్నీ పెట్టకూడదు. పులిహోర కలిపితే పల్లీలు వేయకూడదు. ఎనిమిదింటికల్లా ఇద్దరినీ రెండుచోట్ల దించి, తొమ్మిదింటి మీటింగ్‌కు లాప్‌టాప్ తెరవాలి. సాయంత్రం ఆరు దాటితే డేకేర్‌లో నిమిషాల లెక్కన జరిమానా.

వాళ్లు ఎక్కువగా భయపడేది మధ్యాహ్నం మోగే ఫోనుకి. బిడ్డ ఒళ్లు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే చాలు, వచ్చి తీసుకెళ్లమని కబురు. మందు వేయకుండా 24 గంటల పాటు జ్వరం రాకపోతేనే మళ్లీ రానిస్తారు. డేకేర్‌లో చేరిన మొదటి ఏడాది పిల్లలకు జలుబూ జ్వరమూ వస్తూనే ఉంటాయి. అంటే ఫోన్ వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు ఎవరో ఒకరు పని ఆపుకోవాలి. ఎవరు? ఆ ప్రశ్న మీద ఎన్ని ఇళ్లలో మాటా మాటా పెరిగిందో, అక్కడ కాపురం చేసిన వాళ్లకే తెలుసు. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువుండే హెచ్-1బి వీసా మీద బతికే ఇంట్లో, సెలవు అడగడమే ఒక భయం.

వంతులవారీగా పెద్దవాళ్లు

ఈ లోటు పూడ్చడానికి తెలుగు కుటుంబాలు కనిపెట్టుకున్న దారి అమ్మమ్మ, నానమ్మ. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో తెరిచారు. అంతకుముందు వీసా ఇంటర్వ్యూకి చెన్నై పోవాల్సి వచ్చేది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో పని అయిపోతుంది. సందర్శక వీసాను తరచుగా పదేళ్లకు ఇస్తున్నా, వెళ్లిన ప్రతిసారీ ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే. విమానం దిగినచోట అధికారి ఇచ్చే ఐ-94 తేదీయే లెక్క. అందుకే ఇళ్లలో ఒక వంతు తయారైంది. కాన్పుకు అమ్మాయి తరఫువాళ్లు. వాళ్లు వెళ్లే వారం అబ్బాయి తరఫువాళ్లు దిగుతారు. అలా బిడ్డకు ఏడాది నిండుతుంది. ఆ తర్వాత డేకేర్.

వంతు కాగితం మీద బాగుంటుంది. అమ్మమ్మ ఒళ్లో నిద్రపోవడం అలవాటైన బిడ్డకు ఆరో నెలలో ఆ ఒడి మాయమవుతుంది. కొత్తగా వచ్చిన నానమ్మ దగ్గరికి వెళ్లనని పది రోజులు ఏడుస్తుంది. ఆవిడ మనసు చివుక్కుమంటుంది. "మా అబ్బాయి బిడ్డ నన్ను చూసి ఏడుస్తుందేమిటమ్మా" అని కోడలితో అంటుంది. కోడలు ఏమని చెబుతుంది? ఒక నెలకు బిడ్డ మరుగుతుంది. మరిగాక ఆవిడ వెళ్లే తేదీ దగ్గరపడుతుంది.

ఈ ప్రయాణాల్లో ఎవరూ ముందుగా మాట్లాడుకోని విషయం ఆరోగ్యం. బీపీ, షుగర్ మాత్రలు ఆరు నెలలకు సరిపడా కొనుక్కుని, డాక్టర్ చీటీ వెంట పెట్టుకుని వెళ్లాలి. సందర్శకుల బీమా చేయించినా, ముందునుంచీ ఉన్న జబ్బులకు మామూలుగా వర్తించదు. ఒక రాత్రి గుండె బరువుగా ఉందని అత్యవసర విభాగానికి వెళ్తే వచ్చే బిల్లు ఆ ఇంటి పొదుపంతా తినేయగలదు. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏడేళ్ల మనిషి మీద కవలల పెంపకం మోపడం న్యాయం కాదు. పిల్లలు అడగలేక అడుగుతారు, పెద్దలు కాదనలేక వెళ్తారు. ఇద్దరూ నోరు విప్పి మాట్లాడుకోవాల్సిన విషయమిది.

డాక్టరమ్మ మాట, అమ్మమ్మ మాట

ఘర్షణ మొదలయ్యేది స్నానంతో. మన పెద్దవాళ్లు పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను బోర్లా పాదాల మీద వేసుకుని చెంబుతో వేన్నీళ్లు పోస్తారు. అమెరికా స్నానాల గదిలో తొట్టె బయట నీళ్లు పోయే తూము ఉండదు. నేల మీద రెండు చెంబులు పోస్తే కింది వాటా పైకప్పు తడిసి, అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి మనిషి వస్తాడు. తొట్టెలోకి దిగి కూర్చుందామంటే మోకాళ్లు సహకరించవు. కొందరు అమ్మమ్మలు తొట్టె లోపల చిన్న ప్లాస్టిక్ స్టూలు వేయించుకుని, కూతురు చెయ్యి పట్టుకుని లోపలికి దిగి, అక్కడే కాళ్లు చాపుకునే ఉపాయం కనిపెట్టారు. నూనెతో ఒళ్లంతా పట్టి, వేన్నీళ్లు పోసుకున్న బిడ్డ మూడు గంటలు ఒళ్లెరగకుండా పడుకుంటుంది. ఆ మూడు గంటలు తల్లికీ నిద్ర.

సాంబ్రాణి మాత్రం కుదరదు. పొగ లేచిందంటే పైకప్పుకున్న అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. పోపు కాస్త మాడినా అంతే.

ఇవి చిన్నవి. పెద్దవి వేరే ఉన్నాయి, వాటిలో నేను డాక్టర్ల పక్షాన నిలబడతాను. బిడ్డ తల గుండ్రంగా రావాలని మనం ఆవాల దిండు పెడతాం. గట్టిగా నిద్రపోతుందని బోర్లా పడుకోబెడతాం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1992 నుంచి పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టవద్దని చెబుతోంది. ఇప్పుడు వెల్లకిలానే పడుకోబెట్టాలంటోంది. దానికి తోడు పక్కలో దిండూ దుప్పటీ ఏవీ ఉండకూడదంటోంది. ఆ ప్రచారం మొదలయ్యాక నిద్రలో హఠాత్తుగా పోయే పసికందుల సంఖ్య అమెరికాలో సగానికి తగ్గింది. నాలుక మీద తేనె రాయడం మన ఇళ్లలో ముచ్చట. ఏడాది నిండని బిడ్డకు తేనె పెడితే బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. బజారులో కొనే కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది. కారు సీటులో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఒళ్లోకి తీసుకుందామని ప్రతి అమ్మమ్మకూ చేతులు లేస్తాయి. లేవనివ్వకూడదు. టెక్సాస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు నిండేదాకా, లేదా పిల్లవాడు నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాలకు ఎదిగేదాకా తగిన సీటులో కూర్చోబెట్టాల్సిందే. "మేం మిమ్మల్ని ఇలాగే పెంచలేదా?" అని పెద్దలు అడుగుతారు. పెంచారు. ఆ రోజుల్లో పోయిన బిడ్డలు ఎందుకు పోయారో మనకు తెలిసేది కాదు.

ఒళ్లు పట్టడం, ఆరో నెల నుంచి రాగిజావ, మెత్తగా ఉడికించిన పెసరపప్పు అన్నం, గంటల తరబడి ఎత్తుకుని కబుర్లు చెప్పడం... వీటిలో అమ్మమ్మను మించిన డాక్టరు లేదు. ఆరు నెలలకు ఘనాహారం మొదలుపెట్టమని అక్కడి డాక్టర్లు చెప్పేదీ, మన అన్నప్రాశనా దాదాపు ఒకే సమయానికి వస్తాయి.

దెబ్బల విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. "రెండు తగిలిస్తే దారికొస్తాడు" అనే మాట మన నోట తేలిగ్గా వస్తుంది. పిల్లవాడి ఒంటి మీద వాత కనిపిస్తే అక్కడి టీచరు ప్రభుత్వానికి తెలియజేసి తీరాలి, అది చట్టం. స్వీడన్‌లో 1979లోనే పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించారు. చట్టం సంగతి అలా ఉంచినా, మూడేళ్లవాణ్ని కొట్టి నేర్పేది ఏమీ లేదు.

పొద్దు పోని పెద్దలు

పగలంతా పిల్లలు ఆఫీసు పనిలో ఉంటారు. కారు నడపడం పెద్దవాళ్లకు రాదు, నడిచి వెళ్లేంత దూరంలో కొట్టు ఉండదు. వీధిలో మనిషి కనిపించడు. కరీంనగర్ నుంచి వచ్చిన ఓ నానమ్మ చెప్పిన మాటలో ఆ జీవితమంతా ఉంది: "ఇల్లు మంచిగుంది, పిల్ల మంచిగుంది. పొద్దు వోతలేదు బిడ్డా. మాట్లాడెటోళ్లు లేరు." సాయంత్రం ఎండ తగ్గాక స్ట్రోలర్లు తోసుకుంటూ పార్కుకు చేరతారు. అక్కడ బెంచీ మీద మరో అమ్మమ్మ కనిపిస్తుంది, ఆవిడది తెనాలి. గంటలో చుట్టరికం కలుస్తుంది. మర్నాటి నుంచి ఒకరింట్లో దోసకాయ పప్పు మరొకరింటికి నడుస్తుంది. ఆ బెంచీ దొరకని అమ్మమ్మలు నెల తిరక్కుండానే తిరుగు టికెట్ తేదీ అడగడం మొదలుపెడతారు.

అల్లుడు అంట్లు తోమడం, బిడ్డకు డైపర్ మార్చడం చూసి అమ్మాయి తల్లి మురిసిపోతుంది. అదే పని కొడుకు చేస్తుంటే అబ్బాయి తల్లికి కష్టంగా తోస్తుంది. "ఉండు నాన్నా, నేను చేస్తా" అంటుంది. అతనూ పక్కకు తప్పుకుంటాడు. ఆరు నెలలు గడిచి ఆవిడ వెళ్లిపోయాక అతను మళ్లీ సింకు దగ్గరికి రావడానికి రెండు నెలలు పడుతుంది. నానమ్మలకు నా విన్నపం ఒకటే. మీ అబ్బాయి పని ఆపేలా చేయకండి. పరాయి దేశంలో మన మగపిల్లలు నేర్చుకున్న మంచి అలవాటు అది. బిడ్డకు నీళ్లు పోసి, జుట్టు దువ్వి, అన్నం తినిపించే తండ్రి మన ఊళ్లలో ఇప్పటికీ అరుదు.

ఇలా ఆరు నెలలు వెళ్లి ఉండిరావడం కూడా అందరికీ దక్కదు. మ్యూనిక్, స్టాక్‌హోంలలో ఉండే తెలుగు జంటలకు ప్రభుత్వం బాగా ఆసరా ఇస్తుంది. స్వీడన్‌లో ఒక్కో బిడ్డకు తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు భత్యం ఇస్తారు. జర్మనీలో 2013 ఆగస్టు నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశుకేంద్రంలో చోటు చట్టబద్ధమైన హక్కు. కానీ అక్కడికి వెళ్లే పెద్దలకు షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండే వీలు. మూడు నెలల అమ్మమ్మ అన్నమాట.

బిడ్డ ఇక్కడ, తల్లి అక్కడ

ఏ దారీ లేనప్పుడు కొందరు బిడ్డనే ఇక్కడికి పంపిస్తున్నారు. పది నెలల బిడ్డను అమ్మమ్మ తనతో పాటు తీసుకొస్తుంది. రెండేళ్లకో మూడేళ్లకో తల్లి వచ్చి తీసుకెళ్తుంది. అక్కడ పుట్టిన బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది, మన దేశంలో ఉండాలంటే వీసా గానీ, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు గానీ తీసుకోవాలి. ఆ కార్డులను మొట్టమొదట పంచింది 2006 జనవరిలో, హైదరాబాద్‌లోనే. విజయవాడలోనో వరంగల్‌లోనో అమ్మమ్మ ఇంట్లో బిడ్డ బొద్దుగా, కిలకిలలాడుతూ పెరుగుతుంది. తెలుగు గలగలా వస్తుంది. తల్లి వీడియోకాల్‌లో కనిపించే మనిషి అవుతుంది. చలికాలంలో డాలస్‌లో పొద్దున ఏడయితే మనకు సాయంత్రం ఆరున్నర. ఆఫీసుకు బయల్దేరే హడావిడిలో పది నిమిషాలు తెరలో చూసుకోవడమే.

మూడేళ్ల బిడ్డను తిరిగి తీసుకెళ్లేటప్పుడు బిడ్డ ఒక తల్లి నుంచి విడిపోతుంది, ఆ తల్లి అమ్మమ్మ. అక్కడ దిగాక నెలల తరబడి రాత్రిళ్లు లేచి ఏడ్చే పిల్లలున్నారు. ఇలా పంపినవాళ్లను తప్పుబట్టే హక్కు నాకు లేదు. వాళ్ల పరిస్థితులు వాళ్లకే తెలుసు. కానీ పంపక తప్పనిసరైతే నెలల్లో వెనక్కి తెచ్చుకోండి, ఏళ్లు గడవనివ్వకండి. తిరిగి తీసుకెళ్లేటప్పుడు అమ్మమ్మ కూడా వెంట వెళ్లి, కొన్నాళ్లుండి, మెల్లగా తప్పుకుంటే బిడ్డకు దెబ్బ తక్కువ.

ఈ మాట రాస్తున్నప్పుడు రాజంపేట, రాయచోటి, కోనసీమ పల్లెలు గుర్తురాక మానవు. అక్కడి నుంచి కువైట్ వెళ్లి పరాయి ఇళ్లలో పిల్లల్ని పెంచే తల్లులు తమ పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి పోతారు. ఇంటిపని వీసా మీద వెళ్లిన మనిషికి కుటుంబాన్ని తీసుకెళ్లే వీలుండదు. ఆ పిల్లలకు రెండేళ్లకోసారి వచ్చే సెలవే తల్లి. ప్రవాసం గురించి మాట్లాడేటప్పుడు డాలస్ ఒక్కటే గుర్తుకొస్తే ఆ తల్లులకు అన్యాయం చేసినట్టే.

తల్లి ఎలా ఉంది?

హెచ్-1బి ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లిన ఇల్లాలి సంగతి వేరుగా చెప్పాలి. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే ఆమెకు పని చేసుకునే అనుమతి వస్తుంది. ఆ మాత్రం సౌకర్యమైనా 2015 మే నుంచే. ఆ అనుమతి వచ్చేదాకా బీటెక్, ఎంటెక్ చదివిన అమ్మాయి బిడ్డతో నాలుగు గోడల మధ్య ఉంటుంది. కారు ఒక్కటే ఉంటే అది భర్త ఆఫీసు దగ్గర ఉంటుంది. రోజు మొత్తంలో ఆమెతో పూర్తి వాక్యం మాట్లాడే మనిషి సాయంత్రం దాకా రాడు.

కాన్పయిన ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు కనిపిస్తాయని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. కారణం లేకుండా ఏడుపు, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోవడం, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోవడం... ఇవి బద్ధకమో పొగరో కావు. వైద్యంతో నయమయ్యే జబ్బు. దిష్టి తీసి ఊరుకుంటే చాలదు. అక్కడున్నవాళ్లకు 1-833-852-6262 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 2022 నుంచి ఉంది. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే దుభాషిని అడగొచ్చు. భర్తలు ఈ నంబరు తమ ఫోన్‌లో దాచుకోవాలి. ఆ పరిస్థితిలో ఉన్న మనిషి తనంతట తాను ఫోన్ చేయలేకపోవచ్చు.

నోట్లో తెలుగు

రెండేళ్లదాకా "అమ్మా పాలు", "తాతా రా" అన్న బిడ్డ డేకేర్‌లో చేరిన ఏడాదికి ఇంగ్లీషులోకి మారిపోతుంది. తల్లి తెలుగులో అడుగుతుంది, బిడ్డ ఇంగ్లీషులో జవాబిస్తుంది. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్న భయంతో కొందరు ఇంట్లో తెలుగు మానేస్తున్నారు. అది ఒట్టి అపోహ. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావని అక్కడి వాక్ నిపుణులు గట్టిగా చెబుతున్నారు. మాట నిజంగా ఆలస్యమైతే భాషను నిందించకుండా పరీక్ష చేయించాలి. మూడేళ్లలోపు పిల్లల కోసం ప్రతి రాష్ట్రంలోనూ ప్రభుత్వ సేవలున్నాయి, మూడు నిండాక ఆ పని బడి చూసుకుంటుంది. "మగపిల్లలకు మాటలు లేటే" అని ఇక్కడి నుంచి సలహా ఇచ్చి ఆపేవాళ్ల మాట వినకండి. పోయిన ఏడాది తిరిగి రాదు.

టెక్సాస్‌లో ఇంకో సంగతి ఉంది, చాలామందికి తెలియదు. ఇంగ్లీషు మాట్లాడలేని, అర్థం చేసుకోలేని నాలుగేళ్ల పిల్లలకు ప్రభుత్వ బడుల్లో ప్రీ-కే తరగతి ఉచితం. ఇంట్లో తెలుగే మాట్లాడిన బిడ్డకు అలా చోటు దొరకవచ్చు. తెలుగు చదవడం రాయడం కావాలంటే సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి వారాంతాల్లో పాఠాలు చెబుతోంది. తమ ఆదివారాలను దానికి ధారపోస్తున్న టీచర్లు పగలు ఆఫీసుల్లో పనిచేసే తల్లులూ తండ్రులే. కానీ బడి కంటే ముందు మనం చేయాల్సింది ఒకటుంది. సెలవులకు వచ్చిన పిల్లవాడు "నాకు అన్నం వద్దు కావాలి" అని తికమకపడితే పదిమంది నవ్వుతారు. వాడు ఇక ఆ పూట నోరు విప్పడు. మరునాడు ఇంగ్లీషులోనే అడుగుతాడు. పిల్లల తెలుగును చూసి నవ్వకండి, తప్పును దిద్దకుండా సరైన మాటను మీరు మళ్లీ అనండి. అది చాలు.

భాష తర్వాత ఇంకో దిగులు వీసాది. ఒకే ఇంట్లో మూడేళ్ల వయసులో ఇక్కడి నుంచి వెళ్లిన అక్క, అక్కడే పుట్టిన తమ్ముడు ఉంటారు. తమ్ముడు అమెరికా పౌరుడు. అక్క హెచ్-4. ఉద్యోగాల కోటాలో ఏడాదికి దాదాపు 1,40,000 గ్రీన్‌కార్డులు, మామూలుగా ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నిబంధన. అందుకే మనవాళ్ల వరస దశాబ్దాలు సాగుతోంది. ఈలోగా అక్కకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. తనకు వేరే వీసా చూసుకోవాలి, లేదా బాల్యమంతా గడిపిన దేశం వదలాలి. పిల్లలు ఊయలలో ఉండగానే ఈ లెక్క వేసుకోవాల్సిన దుస్థితి ఆ తల్లిదండ్రులది. ఇన్నేళ్లుగా రెండు దేశాల ప్రభుత్వాలు స్నేహం గురించి మాట్లాడుతున్నాయి, ఈ పిల్లల గురించి గట్టిగా మాట్లాడింది తక్కువ.

చట్టాలు మన చేతిలో లేకపోయినా అక్కడున్నవాళ్లు ఒక పని చేయగలరు, చాలాచోట్ల చేస్తున్నారు కూడా. అపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా బిడ్డ పుట్టిందని తెలిస్తే వాట్సాప్ గ్రూపులో ఒక పట్టిక వేస్తారు. సోమవారం ఒకరు చారు, అన్నం. మంగళవారం మరొకరు బీరకాయ కూర. మూడు వారాలు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే పని ఉండదు. డబ్బా గుమ్మం దగ్గర పెట్టి, బెల్లు నొక్కకుండా మెసేజ్ పెట్టి వెళ్లిపోతారు, బిడ్డ నిద్ర లేస్తుందని. ఇలాంటి పట్టిక లేని చోట మీరే మొదలుపెట్టండి.

ఇక్కడున్న మనం చేయాల్సిందీ ఉంది. వచ్చే వారం ప్రయాణం పెట్టుకున్న అమ్మమ్మలూ నానమ్మలూ, వెళ్లేలోగా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి, బీమా కాగితం చదివించుకోండి, ఆరు నెలల మాత్రలు చేతిసంచీలో పెట్టుకోండి. వెళ్లలేనివాళ్లు ఈ రోజు ఎలాగూ వీడియోకాల్ చేస్తారు కదా. బిడ్డను చూపించమనే ముందు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావని మీ అమ్మాయిని అడగండి. మీ కోడల్నీ అడగండి.